విశ్రాంతిలో ఉన్న ఇంజిను

"పార్టీలు మూడు మార్చాను. కారు మాత్రం మార్చలేదు. మార్చను కూడా!" అని రవాణా మంత్రిగారు బల్ల గుద్ది ప్రకటించారు. బల్ల మీది మైకులన్నీ ఉలిక్కిపడ్డాయి.

"ఈ డీజిలు కారు నా సొంతం. ఇరవై ఆరేళ్ళుగా నన్ను మోస్తోంది. ఇంజిను పోయిందని ఇప్పుడు డిపార్టుమెంటు కొత్త కారు ఇస్తానంటోంది. ప్రజల సొమ్ము! ఒప్పుకుంటానా? ఇంజిను ఒక్కటే మారుస్తాను. శుక్రవారం పొద్దున పదింటికి షెడ్డు నుంచి ఆఫీసు దాకా మీ అందరి ముందూ అందులోనే వస్తాను!"

విలేకరులు రాసుకోవడం మానేసి చప్పట్లు కొట్టారు. ఇంత త్యాగం వాళ్ళు ఈ మధ్య చూడలేదు.

వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ డ్రైవరు కళ్ళు తుడుచుకున్నాడు. త్యాగం చూసి కాదు. కొత్త కారంటూ వస్తే దాంతోపాటు కొత్త డ్రైవరూ వస్తాడని, "ఈ వయసులో నీకు బటన్ల కారెందుకులే" అని, పి.ఏ.గారు ముందురోజే చెవిన వేశారు. కారుంటే తనుంటాడు, కారు పోతే తనూ ఇంటికి పోతాడు. నిజానికి ఆ కారు మూడో గేరు ఇన్నేళ్ళలో అతని చెయ్యి తప్ప ఇంకో చెయ్యి మాట విన్న పాపాన పోలేదు.

ఇంజిను కూడా ఏదో మామూలుగా పోలేదు. 'రాజకీయాల్లో నిలకడ' అనే విషయం మీద మంత్రిగారు ఉపన్యాసానికి వెళుతుంటే, లోపలి రాడ్డు ఇంజిను గోడ బద్దలు కొట్టుకుని బయటికొచ్చేసింది.

ఆ రిపేరు షెడ్డు డ్రైవరు బావమరిదిదే. మిట్ట మీద ఉంటుంది. దాని గుమ్మంలో నిలబడి చూస్తే రోడ్డు జారుడుబల్లలా దిగిపోయి, సరిగ్గా మంత్రిగారి ఆఫీసు గేటు ముందు చదునవుతుంది.

బావమరిది బానెట్ ఎత్తి, రాడ్డు వంక చూసి, "ఇది కూడా పార్టీ మారింది బావా" అన్నాడు.

"నీ వేళాకోళం తగలెయ్య! బాగవుతుందా లేదా చెప్పరా."

"ఇది రిపేరుకి లొంగదు. ఇంజిను దింపెయ్యాల్సిందే."

పక్కనే ఉన్న పి.ఏ.గారు గబుక్కున చెవులు మూసుకున్నారు. "ఏమన్నావ్?"

"దింపాలన్నానండి."

"నెమ్మదిగా అనవయ్యా! మంత్రివర్గంలో మార్పులని పేపర్లు రాస్తున్న రోజులు. అయ్యగారి చెవిన ఆ మాట పడితే మూడ్రోజులు నిద్రపోరు. మా ఆఫీసులో లిఫ్టు కూడా ఎక్కడమే గానీ, దిగడం అనం."

"మరి దింపినదాన్ని ఏమనాలండి?"

పి.ఏ.గారు గాలిలోకి చూసి ఆలోచించారు. "విశ్రాంతి. ఇంజినుకి విశ్రాంతి ఇచ్చాం, అను."

"కొత్తది ఎక్కించడం?"

"ఎక్కించడం మాత్రం రోజుకి ఎన్నిసార్లయినా అనుకో. మంచి మాట."

బావమరిది చెయిను కప్పీ కట్టి, ఇంజినుకి విశ్రాంతి ఇచ్చి, మూలనున్న పాత టైరు మీద కూర్చోబెట్టాడు. పాత కార్ల యార్డులో అలాంటిదే ఇంకో ఇంజినూ దొరికింది. కానీ ఇంజిను మారితే నంబరు మారుతుంది, నంబరు మారితే రవాణా శాఖ పర్మిషన్ కావాలి. శాఖవాళ్ళు ఆ దొరికిన ఇంజినుని పరిశీలనకని తెప్పించుకుని గోడౌనులో పెట్టి తాళం వేశారు. ఒక ఫారం ఇచ్చారు. అందులో ఐదో గడి: 'పాత ఇంజిను దింపిన తేదీ'.

పి.ఏ.గారు ఆ గడి చూసి చెమట తుడుచుకుని, నల్లసిరాతో నిండుగా పూసేశారు.

"ఐదో గడి లేకపోతే ఫారం చెల్లదండీ" అన్నాడు గుమాస్తా.

"ఐదో గడి ఉంటే నేను చెల్లను" అన్నారు పి.ఏ.గారు.

ఫారం నాలుగుసార్లు వెళ్ళింది, నాలుగుసార్లూ తిరిగొచ్చింది. ఈలోగా శుక్రవారం కూడా వచ్చేసింది.

"బావా, ఇప్పుడేం చేద్దాం?"

"నన్నడుగుతావేంట్రా! ఒక్క రెండ్రోజులు ఆగమని చెబుదాం."

"నోరుముయ్యండి" అన్నారు పి.ఏ.గారు. "తేదీ మారిందంటే అయ్యగారే మారతారని రాస్తారు."

బానెట్ ఎత్తడానికి వీల్లేకుండా పూలదండలు కప్పారు. లోపల బరువు లేదు కాబట్టి కారు మూతి పైకెత్తుకుని నిలబడింది.

"చూశారా, ఆత్మగౌరవం!" అన్నారు పి.ఏ.గారు విలేకరులతో.

మంత్రిగారు వచ్చి రిబ్బను కత్తిరించారు. డ్రైవరు ధైర్యం చేసి దగ్గరికెళ్ళాడు.

"అయ్యా, ఇంజినుకి విశ్రాంతి ఇచ్చామండి."

"మంచి పని చేశావు. పాపం, ఇరవై ఆరేళ్ళు కష్టపడింది."

"అది కాదండి. ఎక్కించడం ఒక్కటే మిగిలిపోయిందండి."

"నన్నొకరు ఎక్కించేదేమిటయ్యా! నా మోకాళ్ళు ఇంకా నావే" అని మంత్రిగారు తలుపు తీసుకుని తనే ఎక్కి కూర్చున్నారు.

ఇక చేసేదేముంది? డ్రైవరు స్టీరింగు ముందు కూర్చుని హ్యాండ్ బ్రేకు వదిలాడు. వెనకాల బావమరిది జనానికి ఒక చెయ్యి ఊపుతూ డిక్కీకి భుజం ఆనించాడు. కారు కదిలింది. మెల్లగా, ఆ తర్వాత మెల్లగా కాకుండా.

"ఆహా! అసలు చప్పుడే లేదే!"

"లేదండి."

"పొగ?"

"అదీ లేదండి."

"సీటు కింద ఆ కుదుపు?"

"లోపల అసలేమీ లేదండి" అన్నాడు డ్రైవరు. ఇంతకన్నా నిజం అతనికి చేతకాలేదు.

"ఇదయ్యా ఇంజినంటే!"

కారు గేటు ముందు, గీత గీసినట్టు, తనంతట తనే ఆగింది. కాలుష్య తనిఖీ అధికారి పొగగొట్టంలో పైపు పెట్టి మిషను చూశాడు. సున్నా. మిషను మీద ఒక్కటిచ్చి మళ్ళీ చూశాడు. సున్నా. "నా సర్వీసులో ఇంత శుభ్రమైన కారు చూడలేదు" అని సర్టిఫికెట్ రాసిచ్చాడు. మన బస్సులన్నిటికీ ఇదే ఇంజిను పెట్టించాలని మంత్రిగారు అక్కడికక్కడే ఆజ్ఞాపించారు. పి.ఏ.గారు రాసుకున్నారు.

కొత్త ఇంజిను ఊరికే అరిగిపోకూడదని, కారుని ఆఫీసు ముందు పందిరి కింద నిలబెట్టి బోర్డు పెట్టారు. మంత్రిగారు, మనసొప్పకపోయినా, డిపార్టుమెంటు వారి కొత్త కారులో తిరగసాగారు. డ్రైవరు పదింటికొచ్చి పాత కారులో కూర్చునేవాడు, ఐదింటికి లేచేవాడు. అతని ఉద్యోగం ఇంత భద్రంగా ఎన్నడూ లేదు.

"బావా, మైలేజీ ఎంతిస్తోంది?" అని బావమరిది రోజూ వచ్చి అడిగేవాడు.

"నువ్వోసారి ముందు చక్రం కింద పడుకోరా, చెబుతాను."

మధ్యలో ఫారానికి జవాబు కూడా వచ్చింది: 'సదరు కారు దివ్యంగా నడుచుచున్నట్లు స్వయంగా మంత్రిగారే ధ్రువీకరించినందున, మరొక ఇంజిను అవసరము కనబడుట లేదు.'

మూడు వారాలు గడిచాయి. ఒకనాటి పొద్దున మంత్రిగారు ఆఫీసు మెట్లు ఒంటరిగా దిగి వచ్చారు. పి.ఏ.గారు లేరు. కొత్త కారు లేదు. చంకలో తన పేరున్న ఇత్తడి బోర్డు ఉంది. తిన్నగా పందిరి కిందికొచ్చి, పాత కారు వెనక సీట్లో కూర్చుని, బోర్డు ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఇంటికి పోనీయ్."

డ్రైవరు అలవాటుకొద్దీ తాళం తిప్పాడు. అలవాటుకొద్దీ ఫస్టు గేరు వేశాడు. హ్యాండ్ బ్రేకు వదిలాడు. అక్కడ నేల చదును. వెనక తొయ్యడానికి మనిషి లేడు.

"ఏమైందయ్యా?"

అసలు మాట డ్రైవరు నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాడు. వెనక్కి తిరిగి, వీలైనంత మర్యాదగా చెప్పాడు.

"విశ్రాంతి ఇచ్చారండి."

మంత్రిగారు ఒళ్ళో ఉన్న బోర్డుని బోర్లా తిప్పి పెట్టుకున్నారు.

"అప్పుడే పేపర్లో వచ్చేసిందా?" అన్నారు.