అత్తగారు అల్లని లేసు

ఆ మంగళవారం పొద్దున నతానియేల్ వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. భార్య పర్సిస్ డేకేర్‌లో పనికి వెళ్ళగానే రైస్ కుక్కర్ ఆన్ చేయాలి, దొరికిన ఉద్యోగాలకు అప్లై చేయాలి, ఆ తర్వాత సోఫాలో బాసింపట్టు వేసుకుని టేబుల్‌క్లాత్ అంచు పూర్తి చేయాలి. కిటికీల బ్లైండ్స్ మాత్రం ముందే దించేయాలి.

అమెరికాలో, అరోరా ఊళ్ళోని ఆ వీధిలో మగవాడు లాన్ కోస్తే ఎవరూ తల తిప్పి చూడరు. కానీ బట్టతల వస్తున్న మాజీ సాఫ్ట్‌వేర్ టెస్టర్ వేలికి దారం చుట్టుకుని క్రోషే సూదితో లేసు అల్లుతుంటే చూడకుండా ఉంటారా? నర్సాపురంలో చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్న పని అది. వీధి పిల్లలు "లేసమ్మ" అని ఏడిపిస్తే మానేశాడు. లేఆఫ్ అయ్యాక, ఇంటర్వ్యూలు ఇచ్చి ఇచ్చి విసుగెత్తి, చేతులు ఊరుకోక మళ్ళీ సూది పట్టాడు. తను మర్చిపోయాననుకున్నాడు గానీ వేళ్ళు మర్చిపోలేదు.

చిక్కంతా పర్సిస్ నోటివల్ల వచ్చింది. చర్చిలో టీ టేబుల్ మీద ఆమె పరిచిన లేసు గుడ్డ చూసి కరుణమ్మ "ఎక్కడిదే ఇది?" అంటే, మొగుడి పరువు కాపాడాలని "మా అత్తగారు పంపారక్కా" అనేసింది. కరుణమ్మ పెద్దకూతురి పెళ్ళి దగ్గర పడింది. అక్కడికక్కడే టేబుల్‌క్లాత్‌కు ఆర్డరిచ్చి, వద్దంటున్నా వినకుండా డబ్బు చేతిలో కుక్కింది. ఆమెను చూసి మరికొందరు. అప్పటికీ ఇప్పటికీ ఐదు వారాలు.

నతానియేల్ అప్పటికి ఉద్యోగం పోయినవాళ్ళకు గవర్నమెంట్ ఇచ్చే అన్‌ఎంప్లాయ్‌మెంట్ బెనిఫిట్స్ మీద ఉన్నాడు. ఇంటి లోన్ గట్టెక్కేది వాటితోనే. రెండు వారాలకోసారి వెబ్‌సైట్ "పని చేశావా? ఏమైనా సంపాదించావా?" అని అడుగుతుంది. ఇతను అలవాటు కొద్దీ "నో" నొక్కేశాడు. నొక్కాక గానీ భయం పట్టుకోలేదు.

"అల్లింది మా అత్తగారన్నాం కదా, డబ్బులూ ఆవిడవే అనుకోండి" అని పర్సిస్ ధైర్యం చెప్పింది.

"మనం అనుకుంటే సరిపోతుందా? గవర్నమెంట్ అనుకోవద్దూ?"

ఆ మంగళవారం కుక్కర్ ఆన్ చేశాడో లేదో ఫోన్ మోగింది. నర్సాపురం నుంచి అమ్మ.

"ఒరేయ్ నానీ, ఎవరో కరుణమ్మంట, మీ చర్చిలో ఆవిడ, నా నంబరెలా సంపాదించిందో ఫోన్ చేసింది. నా లేసు బాగుందని ఒకటే పొగుడుతుంది. నా కళ్ళకి శుక్లాలమ్మా, సూది ముట్టి ఏళ్ళయిందని చెప్పేశాను. తప్పేమన్నా మాట్లాడానా?"

"ఆవిడేమంది?"

"ఏమీ అనలేదు. 'అలాగా' అంది. ఆ అలాగా నాకు నచ్చలేదురా."

కబురు వినగానే పర్సిస్ పర్మిషన్ పెట్టి, డేకేర్ ఏప్రన్‌తోనే ఇంటికి పరిగెత్తుకొచ్చింది. "మెషిన్ లేసు కొనుక్కొచ్చి చేత్తో అల్లిందని అమ్ముతున్నాం అనుకుంటుందండీ! నిజం చెప్పేద్దాం."

"నిజం చెబితే బెనిఫిట్స్ పోతాయి. దొంగలమనుకోనీ, నేనల్లానని మాత్రం అనకు."

ఇద్దరూ కలిసి టేబుల్‌క్లాత్‌ను చుట్టచుట్టి ఓవెన్‌లో మూకుళ్ళ వెనక దూర్చారు. అంతలో బెల్ మోగింది.

తలుపు తీస్తే కరుణమ్మ. ఆమె పక్కన పొడుగాటి తెల్లావిడ. ఆవిడ మెడలో ఐడీ కార్డు, దాని మీద స్టేట్ గవర్నమెంట్ ముద్ర. నతానియేల్ కళ్ళకు ఆ ముద్ర తప్ప ఇంకేమీ కనపడలేదు.

"ఐ డిడ్ ఇట్, మేడమ్!" అని అరిచాడు. "మా అమ్మకేమీ తెలీదు. మా ఆవిడకీ తెలీదు. దారం కొన్నది నేనే, అల్లింది నేనే, బెనిఫిట్స్ తీసుకుంటూ అమ్మిందీ నేనే!"

పరుగున వెళ్ళి ఓవెన్ తెరిచాడు. మూకుళ్ళు ఫెళఫెళమని నేల మీద పడ్డాయి. టేబుల్‌క్లాత్ తెచ్చి ఆవిడ చేతుల్లో పెట్టేశాడు. తెల్లావిడ దాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకుని నిలబడిపోయింది.

కరుణమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "తమ్ముడూ, మెషిన్ లేసంటే నమ్ముదును. నువ్వల్లావంటే మాత్రం ప్రభువు ముందైనా నమ్మను."

చేసేది లేక సోఫాలో కూర్చుని సూది తీశాడు. వేళ్ళు కదిలాయి. చూస్తుండగానే చిన్న పువ్వు విచ్చుకుంది. కరుణమ్మ ఎదురు కుర్చీలో కూలబడి, "ఓరి నాయనో" అంది.

చివరికి తేరుకుని పరిచయం చేసింది. "ఈవిడ డయాన్. మాకు కాబోయే వియ్యపురాలు. లేసు సంగతి తేల్చేద్దామని వస్తూ ఆఫీసు నుంచి ఈవిడనీ తీసుకొచ్చాను."

"ఏ ఆఫీసు?" అన్నాడు నతానియేల్ పీలగొంతుతో.

డయాన్ నవ్వింది. ఆవిడ పనిచేసేది చేపలు పట్టేవాళ్ళకు లైసెన్సులిచ్చే ఆఫీసులో. పర్సిస్ మొగుణ్ణి చూసిన చూపుకు కుక్కర్ లేకుండానే అన్నం ఉడికేది. "అయినా బెనిఫిట్స్ ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పెయ్యి. తమంతట తాము చెప్పినవాళ్ళతో మర్యాదగానే మాట్లాడతారు" అంది డయాన్.

అందరి ముందే స్పీకర్ పెట్టి ఫోన్ చేశాడు. హోల్డ్ మ్యూజిక్ విని విని కరుణమ్మకు కునుకు పట్టింది. ఆఖరికి దొరికిన ఆఫీసర్ నిజంగానే మర్యాదస్థుడు. సంపాదించింది కొంచెమే, పొరపాటు సరిదిద్దవచ్చు, కంగారు పడొద్దన్నాడు. "స్తోత్రం" అంది పర్సిస్. నతానియేల్‌కు ప్రాణం లేచొచ్చింది.

"ఒక్కటే ప్రశ్న మిగిలింది. ఈ పని రోజుకు ఎంతసేపు చేశారు?"

ఇన్నాళ్ళకు తన పని గురించి ఒకరు గౌరవంగా అడిగారు. పైగా కరుణమ్మకు మెలకువ వచ్చింది. నతానియేల్ ఛాతీ విరుచుకున్నాడు.

"పొద్దున మొదలుపెడితే రాత్రి భోజనాల దాకా, సార్. శనివారం కూడా. ఇది మెషిన్‌ది కాదు, చేత్తో అల్లిన నర్సాపురం లేసు!"

కరుణమ్మ ఒప్పుకుంటూ తలూపింది. అవతల కీబోర్డు చప్పుడు ఆగిపోయింది.

"సర్, అన్ని గంటలు పని చేసేవాళ్ళను మేము అన్‌ఎంప్లాయ్‌డ్ అనము. ఫుల్ టైమ్ అంటాము."

తనకు ఉద్యోగం దొరికి నెల దాటిందని నతానియేల్‌కు అలా తెలిసింది.