లక్క ముద్ర వేసిన లీటరు

ఆ గురువారం పొద్దున విశ్వేశ్వర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి మూడు కార్లను వరుసగా నిలబెట్టాలి. పదింటికి నడిపించాలి. భోజనాల వేళకు వాటి బాగోగులు ఒక పట్టికలో రాసి కమిటీ సంతకాలు తీసుకోవాలి. సాయంత్రానికి ఒకటి కొనాలి. ఇందులో మనిషికి హాని కలిగే అంశం ఒక్కటీ లేదని ఆయన నమ్మకం.

హైదరాబాదు శివార్లలో, బార్కస్ దాటాక ఉన్న ఆ సర్కారు పోత కార్ఖానాలో మురుగు కాలువల ఇనుప మూతలు పోసేవారు. నగరంలో ఎవరూ కాలువలో పడకుండా చూడటం ఆ కార్ఖానా బాధ్యత. లోపల పనిచేసేవారికి దెబ్బ తగిలితే చూడటం ఎవరి బాధ్యతో ఎక్కడా రాసి లేదు. మూడేళ్ల క్రితం, 1967 మే నెలలో, కరిగిన ఇనుము ఎల్లప్ప అనే కార్మికుడి మీద పడినప్పుడు కార్ఖానాకున్న ఒకే ఒక్క జీపు మేనేజరు అమరనాథ్ ఇంటికి ఐసుగడ్డలు మోస్తోంది. అది తిరిగి వచ్చేసరికి ఎల్లప్పకు దానితో అవసరం తీరిపోయింది.

అతని భార్య సక్కుబాయికి క్యాంటీనులో టీ కాచే పని ఇచ్చి, న్యాయం జరిగిందని అధికారులు ఊపిరి పీల్చుకున్నారు. సక్కుబాయి అలా అనుకోలేదు. ఆమె తమ్ముడు దుర్గయ్య ఇంకా ఆ కొలిమి దగ్గరే పనిచేస్తున్నాడు. అందుకని ప్రతి నెలా ఒకటో తారీఖున వేలిముద్ర వేసి ఒకే అర్జీ పంపేది: దెబ్బ తగిలినవారిని దవాఖానకు తీసుకుపోవడానికి ఒక బండి కావాలి. ముప్పై ఆరో అర్జీకి హెడ్డాఫీసు కదిలింది. "గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చుటకు, కుటుంబములు వాడు మధ్యరకపు కారు ఒకటి" కొనమని ఉత్తర్వు వచ్చింది. కొత్త కారు కోసం ఏళ్ల తరబడి వరుసలో ఉండవలసిన రోజులు గనుక పాతదైనా ఫరవాలేదన్నారు. కాని మూడింటిని పోల్చి చూడవలెనన్నారు.

ఆ చివరి వాక్యం దగ్గరే విశ్వేశ్వర్ ఆగిపోయాడు. ఆయన పరిపాలనాధికారి; మేనేజరు, లెక్కల అధికారితో కలిపి ముగ్గురున్న కొనుగోలు కమిటీలో ఒకడు. లంచం తినడు, అబద్ధం ఆడడు, రాసి ఉన్నది తప్ప దేన్నీ చూడడు. అలాంటి మనిషి వల్ల ఎంత నష్టం జరగగలదో లోకం ఇంకా సరిగా లెక్కకట్టలేదు.

మూడు పాత కార్లు అమ్మకానికి దొరికాయి. అంబాసిడర్ కార్వాన్‌లోని ఒక టోకు వ్యాపారిది. ఫియెట్ ఒక డాక్టరుది. చిలకాకుపచ్చ రంగు హెరాల్డ్ ఒక వకీలుది.

"యాభై హార్స్‌పవర్ అంటే మజాకా?" అన్నాడు అమరనాథ్. "అంబాసిడర్లకెల్లి దిగితెనే మేనేజర్‌కు ఇజ్జత్ ఉంటది."

"ఇజ్జత్ పెట్రోల్ తాగుతది సార్," అన్నాడు లెక్కల అధికారి వైకుంఠం. "ఫియెట్ లీటరుకు పన్నెండు కిలోమీటర్లు పోతది. నలభై హార్స్‌పవర్ సాలదా? మనమేమన్న కార్ల ఇనుము మోస్తమా?"

విశ్వేశ్వర్ భార్య కమలకు హెరాల్డ్ నచ్చింది. ఆ సంగతి ఆమె ఇంట్లో ఒకే ఒక్కసారి చెప్పింది. ఆ ఒక్కసారికి ఎంత మూల్యం చెల్లించవలసి వస్తుందో ఆమెకు తెలియదు.

టీ గ్లాసులు పెడుతూ సక్కుబాయి అడిగింది. "మనిషిని పండవెట్టనీకి ఏ బండిల జాగ ఎక్కువున్నది సారూ?"

విశ్వేశ్వర్ పట్టిక చూసుకున్నాడు. శక్తి, పెట్రోలు, ఆకర్షణ అని మూడు గడులున్నాయి. "ఆ కాలమ్ లేదమ్మా," అన్నాడు విచారంగా.

పరీక్ష నియమాలు ఆయనే రాశాడు. ట్యాంకులు ఖాళీ చేసి ఒక్కొక్క దానిలో సరిగ్గా ఒక లీటరు పెట్రోలు పోయాలి. మూతకు లక్క ముద్ర వేయాలి. కమిటీ సభ్యులు ముగ్గురూ ఒకచోట ఉన్నప్పుడే దాన్ని పగలగొట్టాలి. ఇంజన్లు ఒకేసారి మొదలుపెట్టాలి, గమ్యమైన పెద్దాసుపత్రి చేరేదాకా ఆపరాదు. ఉత్తర్వులో 'కుటుంబములు' అని ఉన్నది గనుక సభ్యులు కుటుంబాలతో సహా ఎక్కాలి. మూడు కార్లలో బరువు సమానంగా ఉండాలి. గేటు దాటే ప్రతి బండినీ, మనుషులనూ, వేళనూ కాపలాదారు మొగులయ్య తన రిజిస్టరులో ఎప్పటిలాగే రాయాలి. పట్టిక ఆ రిజిస్టరు నుంచే తయారవుతుంది.

కుటుంబాలు పట్టుచీరలతో వచ్చాయి. గేటు పక్కనే ఉన్న ఇనుము తూచే కాంటా మీద అందరినీ నిలబెట్టారు. అమరనాథ్ భార్య మాత్రం ససేమిరా ఎక్కనన్నది. భర్త ఆమె బరువును అందాజుగా చెప్పాడు. తరువాత ఆ దంపతులు మాట్లాడుకోలేదు. తక్కువైన కార్లలో మురుగు కాలువ మూతలు వేసి బరువు సరిచేశారు. కార్లకు పూలదండలు వేశారు. నిమ్మకాయలు మరిచిపోయినందుకు జీపు మళ్లీ బజారుకు వెళ్లింది. పది గంటలకు మూడు ఇంజన్లు ఒక్కసారిగా మోగాయి.

అప్పుడు విశ్వేశ్వర్‌ను అంతరాత్మ పొడిచింది. తన భార్య మెచ్చిన కారు తన చేతిలో గెలిస్తే లోకం ఏమనుకుంటుంది? హెరాల్డ్‌లో ఇంకొక మూత అదనంగా వేయాలని నిశ్చయించి దుర్గయ్యను కొలిమి దగ్గరి నుంచి పిలిపించాడు.

"అదే రకం మూత కావాలె దుర్గయ్యా. బరువుల తేడా రావద్దు."

"గా రకం ఒక్కటే మిగిలింది సారూ, గుట్టల కింద ఉన్నది. మీదియన్ని దించాలె. అర్ధగంట పడ్తది."

"పెట్రోల్ కాలుతున్నది కదయ్యా! అర్ధగంట యాడికెల్లి తేవాలె? మెల్లగ గుంజు."

దుర్గయ్య గుంజాడు. గుట్ట ఒరిగి, నాలుగు మూతలు అతని ఎడమ పాదం మీద పడ్డాయి.

సక్కుబాయి టీ గిన్నె వదిలేసి పరుగెత్తుకొచ్చింది. చెంగు చింపి తమ్ముడి మోకాలి కింద బిగించి కట్టింది. "సారూ, జల్ది ఏదన్న ఒక బండిల ఎక్కియ్యుండ్రి. మూడున్నయి గదా!"

"తప్పకుండ," అన్నాడు విశ్వేశ్వర్. "ఏ దాంట్ల?"

ఆ ప్రశ్నతో అంతా మొదలైంది.

"అంబాసిడర్ల వద్దు," అన్నాడు అమరనాథ్. "సేటు తెల్లటి సీట్లేయించిండు. రక్తమంటితే ఇగ కొన్నట్టే. పరీక్షెందుకు?"

"ఫియెట్ల ఎక్కిస్తే బరువు పెరుగుతది, మైలేజ్ పడిపోతది," అన్నాడు వైకుంఠం. "అంబాసిడర్ గెలుస్తది. గట్ల చెయ్యాల్ననే చూస్తున్నరు మీరు."

"నేనా? మనిషి సస్తుంటె మైలేజ్ అంటవా?"

"సీట్లన్నదెవరు సార్?"

"లొల్లి ఆపుండ్రి," అని విశ్వేశ్వర్ చేయి ఎత్తాడు. ఆయనకు దారి దొరికింది. "హెరాల్డ్‌లకెల్లి మూతలు దించి, దుర్గయ్యను ఎక్కిద్దాం. బరువు సమానం చేస్తే ఎవరికీ అన్యాయం కాదు. మొగులయ్యా, దుర్గయ్యను తూచు."

ఇద్దరు కార్మికులు అతన్ని కాంటా మీదికి చేర్చారు. ఇంజన్లు నడుస్తూనే ఉన్నాయి. ఆపడం నియమానికి విరుద్ధం.

"ఎంతున్నడు?" అని దూరం నుంచి కేక వేశాడు విశ్వేశ్వర్.

"మనిషి నిలవడ్తలేడు సారూ," అన్నాడు మొగులయ్య. "ముల్లు నిలవడ్తలేదు."

దుర్గయ్య కళ్లు తెరిచి అక్క వైపు చూశాడు. "అక్కా, బావప్పుడు గూడ గిట్లనే తూచిండ్రా?"

సక్కుబాయి గేటు వైపు తిరిగి కేక వేసింది. గేటు బయట సాలం భాయ్ సైకిలు రిక్షా ఉంది. అతను బార్కస్ మనిషి, రోజూ ఆమె చేతి టీ తాగేవాడు. ఆమె కేక వినగానే లోపలికి వచ్చి దుర్గయ్యను ఎత్తి సీటు మీద వేశాడు. "ఫికర్ నక్కో కరో అమ్మా, ఏం భయపడకు. కాలు నీ ఒళ్ల పెట్టుకో, కింద వేలాడనీయకు."

మొగులయ్య గేటుకు అడ్డం నిలబడ్డాడు. అతని కళ్లలో నీళ్లున్నాయి, చేతిలో రిజిస్టరు ఉంది. "రాయకుండ పంపితె నా నౌకరి పోతది బిడ్డా."

"రాయి బాపూ," అన్నది సక్కుబాయి. "బండి, మనుషులు, టైము, అన్ని రాయి. ఒక్కటి ఇడిచిపెట్టకు."

పది గంటల నలభై నిమిషాలు, రిక్షా ఒకటి, మనుషులు ముగ్గురు అని మొగులయ్య రాశాడు.

బరువు గురించిన వాదం తేలి అధికారులు తల తిప్పేసరికి కాంటా ఖాళీగా ఉంది. "మరి ఇప్పుడు బరువెట్ల?" అని వైకుంఠం నిలదీశాడు. మూతలు మళ్లీ ఎక్కించడానికి ఇంకొక పావుగంట పట్టింది. చివరికి పదకొండు గంటల పది నిమిషాలకు, డెబ్బై నిమిషాలుగా నిలబడిన చోటనే పెట్రోలు తాగిన మూడు కార్లు, పూలదండలతో, పట్టుచీరలతో, ఇనుప మూతలతో బయలుదేరాయి.

హెరాల్డ్ చాంద్రాయణగుట్ట దగ్గర ఆగింది. అంబాసిడర్ ఫలక్‌నుమా ఎత్తు సగం ఎక్కి ఆగింది. ఫియెట్ షాలిబండ దాకా వెళ్లి, ఒక బ్యాండు మేళం దుకాణం ముందు ఆగింది. పూలు చూసి మేళగాళ్లు బయటికొచ్చారు. "దుల్హా కిధర్ హై సాబ్?" అని పెళ్లికొడుకు కోసం వైకుంఠాన్ని అడిగారు. అంతలోనే వందమంది మూగారు. పెట్రోలు తెప్పించి పోద్దామంటే ట్యాంకుకు ముద్ర ఉంది. ముద్ర పగలగొట్టాలంటే సభ్యులు ముగ్గురూ ఒకచోట ఉండాలి. ముగ్గురూ మూడు చోట్ల, ఎవరి కుటుంబం నిష్ఠూరాలు వారు వింటూ, నిమ్మకాయలు తెచ్చిన జీపు సాయంత్రం వెతుక్కుంటూ వచ్చేదాకా ఎండలో ఉన్నారు.

రిక్షా అప్పటికి ఎప్పుడో ఏటి అవతలి పెద్దాసుపత్రికి చేరింది. దుర్గయ్యకు రెండు వేళ్లు తీసేశారు. పాదం దక్కింది. ఇంకొక అరగంట ఆలస్యమైతే మోకాలి దాకా తీయవలసి వచ్చేదని డాక్టరు చెప్పాడు. సక్కుబాయి ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నది.

మూడో రోజు ఆమెకు మెమో అందింది. అనుమతి లేకుండా పరీక్షకు నిర్ణయించిన బరువును కార్ఖానా దాటించి, పరీక్షను చెడగొట్టినందుకు పని నుంచి నిలిపివేశారు. కార్లలోకి మూతలు మోయడం కార్ఖానా పని కాదు గనుక దుర్గయ్యది పనిలో తగిలిన దెబ్బ కాదని రెండో కాగితం చెప్పింది. అంటే మందూ లేదు, జీతమూ లేదు. రెండు కాగితాల మీదా అమరనాథ్ సంతకం ఉంది.

హెడ్డాఫీసు నుంచి విచారణకు రామలింగం అనే అధికారి వచ్చాడు. బక్కపలచని ముసలాయన. వచ్చినప్పటి నుంచి టీ కూడా ముట్టలేదు.

"పరీక్ష ఎందుకు చెడగొట్టినవమ్మా?" అని అడిగాడు.

"చెడగొట్టలే సారూ," అన్నది సక్కుబాయి. "గెలిచిన."

అమరనాథ్ నవ్వాడు. రామలింగం నవ్వలేదు. "పట్టిక చదవండి," అన్నాడు విశ్వేశ్వర్‌తో.

విశ్వేశ్వర్ గేటు రిజిస్టరు తెరిచాడు. ఆ రోజు పేజీలో, పరీక్ష వేళ గేటు దాటి వెళ్లిన బండ్లవి నాలుగు వరుసలున్నాయి. మొదటి వరుస దగ్గర ఆయన వేలు ఆగింది.

"రిక్షా మన కంపారిజన్ల లేదు," అన్నాడు అమరనాథ్ మెల్లగా. "కిందికెల్లి చదువు."

విశ్వేశ్వర్ ఆ వరుసను మళ్లీ చదువుకున్నాడు. కాంటా ముల్లు ఆయన కళ్ల ముందు ఇంకా ఊగుతూనే ఉంది. ఆ వారం రోజులుగా ఆయన సరిగా నిద్రపోలేదు. "రిజిస్టర్ల ఉన్నది సార్," అన్నాడు చివరికి. "ఉన్నదాన్ని లేదని చదవలేను."

చదివాడు. అంబాసిడర్, ఫియెట్, హెరాల్డ్: గమ్యం చేరలేదు. రిక్షా: చేరినది. పెట్రోలు: సున్న. ఆకర్షణ: దారి పొడుగునా జనం పక్కకు తొలగి దారి ఇచ్చినట్లు సాలం భాయ్ వాంగ్మూలం. మూత ఎందుకు తెప్పించారో, కింది నుంచి గుంజమన్నది ఎవరో కూడా, అడగకముందే తన తప్పుగా చెప్పుకున్నాడు.

"జీపు ఎక్కడున్నది?" అని అడిగాడు రామలింగం.

"నిమ్మకాయలకు పోయింది," అన్నాడు మొగులయ్య గుమ్మంలోంచి. "ఎల్లప్ప సచ్చినప్పుడు ఐసుకు పోయింది. గది గూడ రాసున్నది సారూ, పాత రిజిస్టర్ల."

రామలింగం పాత రిజిస్టరు తెప్పించుకుని అద్దాలు సవరించుకున్నాడు. తరువాత గంటసేపు తన చేత్తోనే ఉత్తర్వు రాశాడు. అంతసేపూ అమరనాథ్ చెమట తుడుచుకుంటూనే ఉన్నాడు.

దుర్గయ్యది పనిలో తగిలిన దెబ్బగా రాసుకోవలెను. సక్కుబాయిని ఆ పూటే పనిలోకి తీసుకోవలెను. కారు కొననవసరం లేదు. ఉన్న జీపు ఇకమీదట పగలూ రాత్రీ గేటు దగ్గరే ఉండవలెను, తాళంచెవి సక్కుబాయి దగ్గర ఉండవలెను, గాయపడినవారు తప్ప మరెవరూ దాన్ని ఎక్కరాదు. జీపు పోగొట్టుకున్న మేనేజరు గారి రాకపోకలకు, కమిటీ తన సొంత నియమాల ప్రకారమే ఉత్తమమైనదిగా తేల్చిన వాహనాన్ని ఏర్పాటు చేయవలెను.

సోమవారం నుంచి అమరనాథ్ షాలిబండలోని ఇంటి నుంచి సాలం భాయ్ రిక్షాలో రాసాగాడు. ఫలక్‌నుమా ఎత్తు దగ్గర మాత్రం, హార్స్‌పవర్ చాలడం లేదని సాలం భాయ్ ఆయనను దింపి, వెనక నుంచి తొయ్యమనేవాడు.