బండికి బెడ్ రెస్ట్

ఆ రోజు ఇంట్లో ఉన్నవారు: నాయనమ్మ, తాతయ్య, నాన్న, అమ్మ, బాబాయి, గుసగుస, షెడ్డులో అస్వస్థతతో ఉన్న డీజిల్ కారు.

గుసగుస అంటే ఇంటి ఆడపిల్ల. ఆమె మాట పక్కనున్న మనిషికి కూడా వినపడదు కాబట్టి బాబాయి ఆ బిరుదు ప్రదానం చేశాడు. ఇక కారు నాన్నకు ప్రాణం. లారీకి తమ్ముడిలా ఉండే ఆ బండిని ఆయన రోజూ వీధి చివరి కొట్టు దాకా నడిపి, ఒక అగ్గిపెట్టె కొని, మళ్లీ జాగ్రత్తగా ఇంటికి చేర్చేవాడు. అంతకంటే దూరం వెళితే గీతలు పడతాయట. కొండలెక్కగల బండి అని కొన్నాడు. అదింతవరకు స్పీడ్ బ్రేకర్ తప్ప మరేమీ ఎక్కలేదు.

ఆ రోజు గుసగుస పట్నం వెళ్లాలి. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ డిప్లొమా సీటు వచ్చింది. చేరడానికి అదే ఆఖరి రోజు. సాయంత్రం ఆఫీసు మూసేలోగా స్వయంగా కనపడకపోతే సీటు ఇంకొకరిది. బస్సెక్కుతానని పొద్దున్నే తయారైంది.

"ఇంట్లో ఇంత బండి పెట్టుకుని బస్సులో వేలాడతావా? చూసినవాళ్లు నా గురించి ఏమనుకుంటారు?" అన్నాడు నాన్న.

పట్నానికున్న ఒక్క బస్సూ వెళ్లిపోయింది. అప్పుడు నాన్న తాళం తిప్పాడు. కారు నల్లగా దగ్గి, ఒక పసుపు దీపం వెలిగించి, మొండికేసింది.

మెకానిక్ వచ్చాడు. బానెట్ ఎత్తి తల లోపల పెట్టి, "ఈజీఆర్ వాల్వ్ పట్టేసింది" అని ప్రకటించాడు.

నాయనమ్మకు మిగతా మాటలు వినపడలేదు. ఒక్క 'వాల్వ్' మాత్రం స్పష్టంగా వినపడింది. "అయ్యో, దీనికీనా!" అని గుమ్మంలో చతికిలబడింది.

ఆ ఇంట్లో ఆ మాటకున్న గౌరవం వేరు. తాతయ్య గుండెలో వాల్వ్ మార్చిన ఇల్లది. అప్పటి నియమాలు ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చు: గట్టిగా మాట్లాడకూడదు, ఆయాసపెట్టకూడదు, దూరప్రయాణం తలపెట్టనే కూడదు. నాయనమ్మ వాటిని తక్షణం అమల్లో పెట్టింది. తాతయ్య భుజమ్మీది శాలువా బానెట్ మీదికి బదిలీ అయింది. టీవీ నోరు మూయించారు. అమ్మ కుక్కర్ విజిల్ తీసి దాచింది.

గుసగుస సర్టిఫికెట్ల సంచి చంకలో పెట్టుకుని మెకానిక్ పక్కన నిలబడింది. ఆయన మనసు మంచిది, అప్పటికి.

"ఇది చిన్న తలుపులాంటిదమ్మా," అన్నాడు స్పానర్ తిప్పుతూ. "ఇంజను వదిలిన పొగలో కొంత మళ్లీ ఇంజనుకే పంపిస్తుంది. బండిని ఇంటి చుట్టూ తిప్పితే మసి పేరుకుని తలుపు బిగుసుకుపోతుంది. విప్పి కడిగేస్తాను. తర్వాత పట్నం దాకా జోరుగా పరిగెత్తిస్తే చాలు, దీనికదే మందు."

గుసగుస ముఖం వెలిగిపోయింది. మందు, డిప్లొమా ఒకే రోడ్డు మీద ఉన్నాయి.

మెకానిక్ వాల్వ్ ఊడదీశాడు. కాటుక డబ్బాలా ఉంది. క్లీనర్ కొట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమి, తలుపు వేలితో ఆడుతోందని చూసి, కొత్త గాస్కెట్ వేసి బిగించాడు. తాళం తిప్పగానే బండి పులిలా లేచింది. పసుపు దీపం ఆరిపోయింది. గుసగుస వెనక తలుపు పిడి మీద చెయ్యి వేసింది.

"డాక్టరు గారూ, ఆపరేషన్ ఎలా జరిగింది?" అని చేతులు జోడించింది నాయనమ్మ.

మెకానిక్‌ను అంతకుముందు ఎవరూ 'గారు' అన్న పాపాన పోలేదు. ఇప్పుడు ఏకంగా డాక్టరు. నాన్న స్వయంగా కుర్చీ తెచ్చి వేశాడు. అమ్మ టీ కప్పు సాసర్‌తో సహా ఇచ్చింది. ఆ సాసరే ఆయన్ని పాడుచేసింది. కాలు మీద కాలు వేసుకుని, నెమ్మదిగా గొంతు సవరించుకున్నాడు.

"సకాలంలో చూపించారు. ఇప్పుడప్పుడే ఏమీ చెప్పలేం. పూర్తి విశ్రాంతి అవసరం."

"నన్నయితే మర్నాడే నడవమన్నారే," అన్నాడు తాతయ్య, శాలువా లేక వణుకుతూ.

"నీకేం, మనిషివి," అంది నాయనమ్మ.

ఈలోగా వీధి వీధంతా పరామర్శకు వచ్చింది. వాళ్లనుద్దేశించి నాన్న మెట్టు మీద నిలబడి ప్రసంగించాడు.

"మా వాహనం ఆరోగ్యం నిలకడగా ఉంది. దాని మేలు కోరి ప్రయాణాలన్నీ నిరవధికంగా వాయిదా వేస్తున్నాం. మీ అభిమానానికి మా కుటుంబం రుణపడి ఉంటుంది."

"మరి దీని కాలేజీ?" అని అడిగింది అమ్మ.

"సీటుదేముంది, వచ్చే ఏడాది వస్తుంది. బండి మళ్లీ వస్తుందా?"

గుసగుస మెకానిక్ వైపు చూసింది. ఆయన సాసర్ వైపు చూశాడు. ఆమె "పరిగెత్తించాలి" అంది. ఎవరికీ వినపడలేదు. ఇంకోసారి అంది. అప్పుడు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, వీధి చివరి కొట్టువాడు కూడా తలెత్తి చూసేలా అరిచింది.

"దాన్ని దూరం పరిగెత్తించాలి! ఇంటి చుట్టూ తిప్పితేనే మసి పట్టింది! పట్నం తీసుకెళ్లండి, అదీ బాగుపడుతుంది, నేనూ!"

అందరూ నిర్ఘాంతపోయారు. ముందుగా తేరుకున్నది బాబాయి.

"చూశావా అన్నయ్యా, పట్నం వెళ్తాననగానే గొంతు ఇంత లేచింది. వెళ్లొస్తే ఇంకెంత లేస్తుందో!"

వీధి మొత్తం బాధ్యతగా తలాడించింది. రోగి దగ్గర అరిచే పిల్లను కన్నందుకు అమ్మ తల దించుకుంది. నాయనమ్మ గుసగుస రెక్క పట్టుకుని వెనక గదిలోకి తీసుకెళ్లింది. కిటికీ ఎప్పుడో బిగుసుకుపోయిన గది అది. లోపలి గాలి లోపలే తిరుగుతూ ఉంటుంది.

"ఇక్కడే కూర్చో. ఆడపిల్లకు ఇంటికి మించిన ఆరోగ్యం లేదు," అంది ప్రేమగా.

చప్పుడుకు కారు ఉలిక్కిపడుతుందేమోనని, నెమ్మదిగా, ఎంతో జాగ్రత్తగా తలుపు మూసింది.