ముడుపు కట్టిన పెన్‌డ్రైవ్

వడమాలపేటలో ఆ మంగళవారం పొద్దున వరదమ్మ పెట్టుకున్న పని ఒకటే. కూతురు మహితను ఏడింటి కంపెనీ బస్సు ఎక్కించి, ఇడ్లీకి పప్పు నానబెట్టాలి. కానీ మహిత స్నానానికి పోతూ పోతూ బల్ల మీద వేలెడంత పెన్‌డ్రైవ్ పెట్టి, ఒక మాట అనేసింది.

"మా, దాన్ని జాగ్రత్తగా సూస్తా ఉండు. ఫ్యాక్టరీలో రౌటర్ సెట్టింగులన్నీ కాపీ తీసి దాంట్లో పెట్టినాను. ఈ దినం పాత రౌటర్ తీసి కొత్తది పెడతారు. ఈ పని సరిగ్గా జరిగితేనే నన్ను పర్మనెంట్ చేసేది."

పదో తరగతితో ఆగిపోయిన వరదమ్మకు రౌటర్ గురించి తెలియదు గానీ, వస్తువులు పోవడం గురించి బాగా తెలుసు. బస్సులో జారిపోవచ్చు. దొంగ కొట్టెయ్యవచ్చు. అంత చిన్నదాన్ని కోడి కూడా మింగవచ్చు. మనిషి చేతిలో లేనిది దేవుడికే అప్పజెప్పాలి. పసుపు నీళ్లలో తడిపిన గుడ్డలో రూపాయి బిళ్లతో పాటు పెన్‌డ్రైవ్ పెట్టి, బిడ్డ ఉద్యోగం ఖాయమైతే కొండకు నడిచి వస్తానని మొక్కి, మూడు ముళ్లు వేసి స్వామి పటం ముందు ఉంచింది. కోరిక నెరవేరేదాకా ముడుపు విప్పకూడదు.

బల్ల ఖాళీగా కనిపించేసరికి, అమ్మే బ్యాగులో వేసి ఉంటుందనుకుని మహిత బస్సుకు పరుగెత్తింది.

తొమ్మిదిన్నరకు ఫోన్. "మా, పెన్‌డ్రైవ్ యాడ?"

"స్వామి దగ్గర భద్రంగా ఉండాది."

"యాడా? మా, నేనొచ్చేలోపే జయరామ్ సారు పాత రౌటర్ పీకేసినాడు. కొత్తదానికి ఏమీ తెలీదు. నెట్‌వర్క్ లేక ఫ్యాక్టరీ మొత్తం ఆగిపోయింది!"

ఆ మాట పూర్తయ్యేలోపే వరదమ్మ చెప్పులేసుకుంది.

రెండు బస్సులు, ఒక ఆటో మారి, పన్నెండింటికి శ్రీ సిటీలో ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగింది. సెక్యూరిటీ మునిప్రసాద్ ఆపాడు. "ఏముండాది మా, మూటలో? ఇప్పు."

"ముడుపప్పా. ఇప్పేదానికి లేదు."

"ఇప్పకపోతే లోపలికి పంపను."

"అయితే నీ చేత్తోనే ఇప్పు. తగిలే పాపం నీకే."

మునిప్రసాద్ నాలుగడుగులు వెనక్కి వేసి, లోపలికి ఒక మనిషిని పంపాడు. 'ముడుపు విప్పితే పాపమంట' అని బయల్దేరిన కబురు, లోపలికి చేరేసరికి 'మూట విప్పితే ప్రమాదమంట' అయింది. ప్యాకింగ్ వాళ్లు, క్యాంటీన్ వాళ్లు గరిటెలతో సహా ఎండలోకి వచ్చి నిలబడ్డారు.

మేనేజర్ జయరామ్ పరుగున వచ్చాడు. "అమ్మా, మహిత వాళ్లమ్మవి కదా? ఆ పెన్‌డ్రైవ్ ఇటివ్వు."

"బిడ్డ ఉద్యోగం ఖాయమైనాక ఇప్పతానని మొక్కినాను సారూ. ఖాయం చెయ్యి, ఇప్పతాను."

"నన్నే బెదిరిస్తున్నావా? నీ కూతుర్ని ఈ నిమిషమే ఇంటికి పంపగలను!"

వరదమ్మ అక్కడే నేల మీద కూర్చుంది గానీ, ముడుపు మీద పట్టు వదల్లేదు. "భయం నాకు పుట్టినప్పట్నుంచే ఉండాది సారూ. నువ్వు కొత్తగా పెట్టేది ఏమీ లేదు."

జయరామ్ ఆగిపోయిన లారీలను చూశాడు, వాచీ చూసుకున్నాడు. పదకొండు నెలలుగా సొరుగులో మూలుగుతున్న మహిత పర్మనెంట్ ఆర్డరు తెప్పించి, సెక్యూరిటీ బల్ల మీదే సంతకం చేశాడు. వరదమ్మ ప్రతి వరుసా రెండుసార్లు వేలు పెట్టి చదివి, అప్పుడు ముళ్లు విప్పింది. పెన్‌డ్రైవ్ కొసనుంచి పసుపు నీటి చుక్క ఒకటి జారి, జయరామ్ బూటు మీద పడింది.

అంతలో మహిత లోపలినుంచి నింపాదిగా నడిచి వచ్చింది. "సార్, అన్నీ పనిచేస్తా ఉండాయి. పాత రౌటర్‌కు మళ్లీ కరెంటిచ్చి, ఇంకో కాపీ తీసి కొత్తదాంట్లోకి ఎక్కించినాను. పది నిమిషాల పని."

"మరి ఇంతసేపూ ఎందుకు చెయ్యలేదు?"

"మీరుండేంతసేపూ ఏదీ ముట్టుకోవద్దన్నారు. మీరు గేటు కాడికొచ్చినాక ముట్టుకున్నాను."

జయరామ్ వరదమ్మ చేతిలోని కాగితం వైపు మెల్లగా చెయ్యి చాపాడు. ఆమె ఒక కొసను గట్టిగా పట్టుకునే, రెండో కొసను అతనికి అందించింది.

"రెండు జిరాక్సులు తీయించు సారూ, ఒక్కటే ఉంటే నాకు భయం."