శీతాకాలం ఏ ఆఫీసు నుంచి వస్తుంది?

భూమి అక్షం వంగి ఉండటం వల్ల ఋతువులు మారతాయంటాయి పాఠ్యపుస్తకాలు. నమ్మకండి! చైనాలో హ్వాంగ్‌హో నదికి ఉత్తరాన ఉన్న మా పట్టణంలో ఋతువుల్ని మార్చేది హీటింగ్ ఆఫీసు.

నవంబర్ పదిహేనున వాళ్లు ఊళ్లోని ఇళ్లను వెచ్చబరిచే వేడినీళ్ల గొట్టాల వాల్వు తిప్పుతారు. శీతాకాలం మొదలు! మార్చి పదిహేనున కట్టేస్తారు. వసంతం! నవంబర్ పదిహేనుకు ముందే మంచు కురిస్తే? అది మంచు తప్పు. తేదీ చూసుకోకుండా ఎవరు రమ్మన్నారు?

ఎంత చల్లని ఏర్పాటు! నవంబర్ మొదట్లో ఇంట్లోకన్నా వీధిలోనే వెచ్చగా ఉంటుంది. బిల్డింగంతా ఎండ పడే గోడవారకు చేరుతుంది. భార్య పోయాక పలకరింపు కరువైన నాలాంటివాడికి అంతకంటే ఏం కావాలి? ఆవిడ కుట్టిన దూది కోటు నిద్రలోనూ విప్పడం లేదు. వేడి ముందే వచ్చుంటే అది పెట్టెలోనే ఉండేది కదా!

ఆరో అంతస్తులో ఉండే ఫాన్ అక్కయ్యే ఈ మేలు గుర్తించలేదు. ఆవిడకు విడవని దగ్గు. పదిహేనో తేదీ దాటినా వేడినీళ్లు అంత పైకి ఎక్కలేదు. ఫిర్యాదు చేస్తే ఆఫీసు నుంచి షాంగ్ అనే కుర్ర ఉద్యోగి థర్మామీటర్‌తో వచ్చాడు. తోడుగా నేనూ వెళ్లాను.

"కిటికీలు మూయండి పెద్దమ్మా."

"మూసే ఉన్నాయి నాయనా. గాలికే ఆ సంగతి తెలీదు."

పొయ్యి మీద కుడుములు ఉడుకుతున్నాయి. అతను థర్మామీటర్‌ని సరిగ్గా ఆ ఆవిరి పక్కనే పెట్టాడు.

"ఇరవై డిగ్రీలు! రూలు ప్రకారం పద్దెనిమిది చాలు. మీకు ఎక్కువే ఇస్తున్నాం."

"అయితే నన్నూ ఆ కుండలో కూర్చోమంటావా?" అంది అక్కయ్య దగ్గుతూనే.

షాంగ్ సంతృప్తిగా రాసుకున్నాడు, చేతి తొడుగులు తీయకుండానే.

మర్నాడు ఇద్దరం ఆఫీసుకు వెళ్లాం. ఆహా! కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. ఉక్కపోత మరి! షాంగ్ పొట్టి చేతుల చొక్కాలో పుల్ల ఐసు చీకుతున్నాడు.

పాఠ్యపుస్తకాల్లారా, క్షమించండి. భూమి వంగిన మాట నిజమే. వంగింది ఈ ఆఫీసు వైపు!

ఫాన్ అక్కయ్య వేడినీళ్లు పారే రేడియేటర్ పక్క కుర్చీలో కూర్చుని అల్లిక తీసింది. కాసేపటికి దగ్గు నెమ్మదించింది. ఇన్నాళ్లకు ఆవిడ నిండుగా ఊపిరి పీల్చడం విన్నాను.

సాయంత్రం షాంగ్ తాళాలు గలగలలాడించాడు. "ఆఫీసు మూసేస్తున్నాం పెద్దమ్మా, లేవండి."

ఆవిడ కళ్లద్దాలు సర్దుకుంది.

"మార్చి పదిహేనున లేస్తాను నాయనా."