రెండో సీటు

ఆ ఆదివారం తాళ్ల షావుకారు పెట్టుకున్న పనులు మూడే. ఎనిమిదింటికి పాత బండి కడగడం, పదింటికి దాన్ని షోరూమ్ మనిషికి అప్పజెప్పడం, పదకొండింటికి కొత్త బండిలో భార్యను పక్కన కూర్చోబెట్టుకుని కొండ మీది నిమ్మతోటకు తీసుకెళ్లడం. ముప్పై ఏళ్లుగా తాళ్లూ టార్పాలిన్లూ అమ్ముతున్న మనిషికి ఇదేమంత పెద్ద వ్యవహారం కాదు.

ఆయన వ్యాపారంలో పైకి వచ్చింది ఒక్క అలవాటుతో. ఎదుటివాడి మాట సగంలో ఉండగానే బేరం ఖాయం చేసేస్తాడు. మిగతా సగంలో ఎప్పుడూ 'కానీ', 'కాకపోతే' లాంటివే ఉంటాయనీ, వాటిని వింటూ కూర్చున్నవాడి సరుకు గోడౌన్లోనే మగ్గుతుందనీ ఆయన నమ్మకం. షాపులో అది నిజమే. ఇంట్లో దాని లాభనష్టాలు ఎవరూ తేల్చలేదు.

పాత బండి తొమ్మిదేళ్ల కిందట కొన్న ఏటీవీ. మోటారు సైకిల్‌కి మల్లే అటో కాలు ఇటో కాలు వేసి కూర్చుని హ్యాండిల్ పట్టుకోవాలి; చక్రాలు మాత్రం నాలుగు, ఒక్కొక్కటీ గుమ్మడికాయలా ఉబ్బి ఉంటుంది. సీటు ఒక్కటే. రాళ్లూ గుంతలూ తప్ప మరేమీ లేని ఆ కొండదారిలో మామూలు బండ్లు సాగవు. మోకాళ్లు బాగున్నన్నాళ్లు ఆయన భార్య నడిచే ఎక్కింది. తోటలో ప్రతి చెట్టూ ఆమె చేత్తో నాటిందే. నాలుగేళ్ల కిందట మోకాళ్లు మొరాయించాయి. అప్పటినుంచీ ఆయన ఒక్కడే ప్రతి ఆదివారం వెళ్లి, బస్తాడు కాయలు తెచ్చి గుమ్మంలో దించి, "అంతా బాగుంది" అంటున్నాడు.

కిందటి ఆదివారం ఆమె ఒక కాయను చేతిలో తిప్పి చూసింది. "ఇది ఏ చెట్టుదండీ? బండ పక్కదా, తొట్టి దగ్గరదా?"

ఆయనకు తెలియదు. "చెట్టుదే" అన్నాడు.

ఆమె కాయను బుట్టలో పెట్టేసింది. ఆ పెట్టేసిన తీరు ఆయనకు వారమంతా గుచ్చుకుంటూనే ఉంది. తాను ఒక్క సీటు బండి కొనడమే తప్పని తేల్చుకున్నాడు. సైడ్ బై సైడ్ అని మరో రకం ఉందట: కారులా స్టీరింగూ, పక్కపక్కనే రెండు సీట్లూ, బోల్తాపడినా నెత్తికి దెబ్బ తగలకుండా పైన ఇనుప గొట్టాల పంజరమూ. అది ఏటీవీ కంటే వెడల్పు. అందుకని ఆయన గుట్టుగా గేటు కొలిచాడు, షెడ్డు కొలిచాడు, కొండదారిలో రెండు బండల మధ్య సందును కూడా తాడేసి కొలిచాడు. ఇన్ని కొలిచినవాడు భార్యను మాత్రం ఒక్క ముక్క అడగలేదు.

ఎనిమిదింటికి షెడ్డు ముందు నీళ్ల పంపు హోరుమంది. భార్య వరండాలోకి వచ్చింది.

"ఏమిటండీ ఇవాళ దానికి ఇంత వైభోగం?"

"అమ్మేస్తున్నా. పదకొండింటికి తయారై ఉండు. ఎక్కడికని అడక్కు."

ఆమె మొహం వాడింది. "అమ్మేస్తున్నారా?"

"తుడిచిపెట్టిన సరుకుదే బేరం. నిగనిగలాడించి ఇస్తే కళ్లకద్దుకుని తీసుకుంటాడు."

"కడిగితే కడిగారు కానీ, ఆ పక్కనున్న గాలిగొట్టంలోకి..."

షావుకారు పంపు జోరు పెంచాడు. గాలిగొట్టంలో తొమ్మిదేళ్ల దుమ్ము ఉంది మరి. దాని నిండా పట్టించి కొట్టాడు. బండి పెళ్లికొడుకులా తయారైంది. స్టార్ట్ చేసి గేరు వేసి యాక్సిలరేటర్ నొక్కాడు. ఇంజన్ వీధి అదిరేలా గర్జించింది. బండి మాత్రం వేసిన చోటే ఉంది. ఇంకా నొక్కాడు. గర్జన పెరిగిందే తప్ప చక్రం మూరెడు కదల్లేదు.

గోడ అవతల నుంచి లెక్కల మేష్టారి తల లేచింది. రిటైరైనా ఆయన తప్పులు దిద్దడం మానలేదు. "బ్రేకు వేసి ఉందేమో చూసుకో షావుకారూ!"

"లేదు మేష్టారూ, గొంతు బాగానే ఉంది, కాళ్లే పడిపోయాయి" అంటూ షావుకారు మెకానిక్‌కి ఫోన్ చేశాడు.

"కడిగారా? ఇంకేం, బెల్టు పెట్టెలోకి నీళ్లు పోయుంటాయండీ. తడిస్తే బెల్టు జారిపోతుంది, చక్రానికి బలం అందదు. కంగారు లేదు, కింద రెండు బిరడాలుంటాయి. పెద్దది..."

"చాలు, అర్థమైంది!" షావుకారు ఫోన్ కట్ చేసి, బండి కిందికి దూరి, పెద్ద బిరడా విప్పాడు.

నల్లటి ద్రవం బుడబుడమని దూకింది. "చూశారా మేష్టారూ, ఎంత మురికి నీళ్లో!"

మేష్టారు కళ్లద్దాలు సర్దుకున్నారు. "నీళ్లకి అంత జిగురుండదు నాయనా. అది ఇంజన్ ఆయిలు."

బిరడా మళ్లీ బిగించేసరికి లోపలున్నదంతా బయటికి వచ్చేసింది. షెడ్డు నుంచి గేటు దాకా సిమెంటు వాలు. ఆయిలు దాని మీద తీరిగ్గా సగం దాకా పాకింది. జేబులో ఫోను మోగింది. మెకానిక్. బేరం చేతిలో ఉండగా షావుకారు ఫోన్ ఎత్తడు. అది ఇంకో అలవాటు.

తొమ్మిదిన్నర అయింది. మేష్టారు గోడ ఇవతలికి వచ్చాక ఇద్దరూ బండిని న్యూట్రల్లో పెట్టి, తాడు కట్టి, పక్క నుంచి మెల్లగా దించి గేటు దగ్గర సమంగా ఉన్నచోట నిలబెట్టారు. ఇక మిగిలింది ఆ నల్లటి మరక.

"దాని మీద ఇసుక చల్లితే..." అని మేష్టారు మొదలుపెట్టారు.

"ఇసుకెందుకండీ, నా దగ్గర పట్టాలు లేవా?" షావుకారు షెడ్డులోంచి కొత్త టార్పాలిన్ పట్టా ఒకటి లాక్కొచ్చి మరక మీద పరిచేశాడు. నీలం రంగు పట్టా, అతిథి కోసం పరిచినట్టే ఉంది. ఫోను మళ్లీ మోగింది. ఊరుకుంది.

పదింటికి షోరూమ్ మనిషి రెండు సీట్ల బండి తానే నడుపుకుంటూ వచ్చాడు. టై, చేతిలో ఫైలు. దిగీ దిగకముందే గేటు పక్కనున్న పాత బండి వైపు చూశాడు. "బాగా కడిగారే! ఒకసారి స్టార్ట్..."

"అది ఎక్కడికి పోతుందండీ! ముందు మీ బండిని పైకి తీసుకురండి, ఎండ."

"పర్లేదు సార్, ఇక్కడే..."

"రావాలి, రావాలి. ఇంకా పైకి. ఆ పట్టా మీదికి."

"సార్, వాలు మీద పట్టా అంటే..."

"మా పట్టా సంగతి మీకు తెలీదు. ఏనుగు నడిచినా చిరగదు."

షోరూమ్ మనిషి కొనేవాడి మాట కాదనలేక బండిని పట్టా మధ్యకు ఎక్కించి, పార్కింగ్ గేరు వేసి, ఇంజన్ ఆపి దిగాడు. చక్రాలు నాలుగూ బిగుసుకున్నాయి.

షావుకారు మాట పొల్లుపోలేదు. పట్టా చిరగలేదు. బండిని మోసుకుంటూ, అడుగునున్న ఆయిలు మీద జారుతూ, పల్లకీ అంత నిదానంగా కిందికి బయల్దేరింది. షోరూమ్ మనిషి "సార్, సార్, సార్" అంటూ పక్కన నడిచాడు. మేష్టారు "వాలు పది డిగ్రీలుంటుంది" అన్నారు. ఎవరు పట్టుకున్నా ఆగే బరువు కాదది. గేటు దాకా వచ్చేసరికి వేగం అందుకుని పాత బండిని ముందు బంపరుతో ఢీకొట్టి ఆగింది. ఆగిన బండి బాగానే ఉంది. తగిలించుకున్న బండి గేటు దాటి, వీధి దాటి, ఎదురుగా ఉన్న దీపస్తంభానికి మొహం ఆనించి నిలబడింది. ముందు లైటు ఊడింది, కాయల బస్తా పెట్టుకునే ఇనుప చట్రం వంకర తిరిగింది.

ఫోను మళ్లీ మోగింది. షావుకారు ఈసారి ఎత్తాడు.

"ఇందాకట్నుంచీ చేస్తున్నానండీ" అన్నాడు మెకానిక్. "పెద్దది ముట్టుకోకండి, చిన్నదే విప్పండి అని చెప్పడానికి."

షోరూమ్ మనిషి కొత్త బండి బంపరు తడిమి, గీత తప్ప ఏమీ లేదని తేల్చుకున్నాడు. తర్వాత స్తంభం వైపు చూసి ఫైలు మూసేశాడు. "సారీ సార్. దాన్ని మార్పిడికి తీసుకోలేం. అది లేకుండా ఈ బేరం కుదరదు."

షావుకారు పట్టా అంచు మీద కూలబడ్డాడు. భార్య కుంటుకుంటూ వచ్చి గేటు పట్టుకుని నిలబడింది.

"ఇదంతా నీకోసమే" అన్నాడాయన నేల చూస్తూ. "నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని తోటకి తీసుకెళ్దామని. అప్పుడే రెండు సీట్లది కొనాల్సింది. నీకు ఇష్టం లేదని తెలిసి కూడా ఒక్క సీటుది తెచ్చాను."

"ఇష్టం లేదని ఎవరన్నారు?"

"నువ్వేగా! 'మీ ఇష్టం, కానీ' అన్నావు. నేను వెంటనే వెళ్లి డబ్బు కట్టేశాను."

"కానీ అన్నాను. ఆ తర్వాతేం అన్నానో విన్నారా?"

"ఏమన్నావ్?"

"మీరు వీధిలోకి వెళ్లిపోయాక గేటుతో చెప్పుకున్నాను. 'కానీ నాకు కూడా నడపడం నేర్పండి' అని. మీరు షాపులో ఉన్న ఆరు రోజులూ ఆ బండి షెడ్డులోనే ఉంటుంది కదా. నాకు పక్క సీటు ఎందుకండీ? మీ పక్కన కూర్చుంటే చెట్లు చూడనిస్తారా? 'ఇక పద' అంటారు."

తొమ్మిదేళ్లు. వారానికి ఆరు రోజులు. అందులో నాలుగేళ్లు ఆమె వరండాలో కూర్చుని, షెడ్డులో ఖాళీగా ఉన్న బండినీ, ఎదురుగా ఉన్న కొండనూ చూస్తూ ఉంది. అంకెలతో ఆడుకునే మనిషి ఆ గుణకారం మాత్రం చెయ్యలేకపోయాడు.

"అయితే పాతది అమ్మక్కర్లేదుగా?" అంది ఆమె.

"దాన్ని కొనేవాడు ఇప్పుడు పుట్టాలి" అన్నారు మేష్టారు.

ఆమె షోరూమ్ మనిషి వైపు తిరిగింది. "బాబూ, కొనేముందు ట్రయల్ అని నడిపి చూసుకోనిస్తారట. అది ఉన్నట్టా, లేనట్టా?"

అతను షావుకారును ఒకసారి, ఆమెను ఒకసారి చూశాడు. "సార్‌కి అయితే లేదమ్మా. మీకైతే ఉంది. రెండే పెడల్స్, క్లచ్చి లేదు, మోకాలికి శ్రమ ఉండదు. కాకపోతే పక్క సీట్లో మా కంపెనీ మనిషి ఉండాలి. రూలు."

"కాకపోతే అంతేనా? ఇంకేమైనా ఉంటే మొత్తం చెప్పండి, వింటాను."

అతను మొత్తం చెప్పాడు. ఆమె మొత్తం విన్నది. హెల్మెట్ పెట్టుకుంది, బెల్టు బిగించుకుంది, అద్దం సర్దుకుంది. బండి ఒకసారి ఎగిరి, సర్దుకుని, కొండ వైపు మళ్లింది. రెండు సీట్లూ నిండాయి. షావుకారు కొలిచిన కొలతలన్నీ సరిపోయాయి, తనకు తప్ప.

ఆయనా మేష్టారూ కలిసి పాత బండిని తోసుకొచ్చి లోపల పెట్టారు. తర్వాత ఆయన వాలు మీద ఇసుక చల్లాడు. మేష్టారు చెప్పిన మాట మొదటిసారి పూర్తిగా విని, చెప్పిన మందాన చల్లాడు.

పన్నెండు దాటాక ఆమె తిరిగి వచ్చింది. జుట్టు నిండా దుమ్ము, ఒళ్లో నాలుగు కాయలు. ఒకటి ఆయన చేతిలో పెట్టింది. "ఇది బండ పక్కది. కొమ్మలు నేలకి వంగిపోయాయి, చూశారా ఎప్పుడైనా?"

చూడలేదు. "రేపే మెకానిక్‌ని పిలుస్తా. పాతది బాగుచేయించి నీకు నేర్పిస్తా. సరేనా?" అన్నాడు.

"మీ ఇష్టం" అంది ఆమె. "కానీ..."

షావుకారు నోరు మూసుకుని, పట్టా మీద బాసింపట్టు వేసుకుని, చెవులు రిక్కించాడు.

ఆమె చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లిపోయింది. ఆయన ఆ మిగతా సగం కోసం ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాడు.