కాగులో తేలిన చేపలు

ఆ పొద్దున అద్దకం మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. నమూనా దుప్పటి అద్దెయ్యాలి. మర్నాడు రంగు కాగులో ఉడికించి, మధ్యాహ్నానికి కొట్టు యజమానికి చూపించాలి. సాయంత్రం తల్లిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. "డిజైను నీ ఇష్టం మేస్త్రీ. వరుసలు మాత్రం గీత గీసినట్టుండాలి," అని యజమాని మరీ మరీ చెప్పాడు. నచ్చితే ఏడాది పొడుగునా పనే.

తల్లి కళ్ళ సంగతేమిటంటే, పోయిన నెల ఒక దుప్పటి వరుసలు వంకరపోయాయని తిరిగొచ్చింది. దాన్ని తల్లీ కొడుకూ చెరో కొసనుంచీ అద్దారు. తప్పు మాత్రం తల్లి కళ్ళదేనని తేలింది. తేల్చింది మేస్త్రే. "ఇక అచ్చు ముట్టుకోకమ్మా, హాయిగా కూర్చో," అన్నాడు, ప్రేమగానే. నలభై ఏళ్ళు ఆ బల్ల దగ్గర నిలబడ్డ మనిషి కిటికీ పక్కన కుర్చీలో కూర్చుంది. హాయి సంగతి దేవుడెరుగు, ఆవిడకి ఏడుపొక్కటే తక్కువ.

ఎర్ర అద్దకానికి ముందు పటిక నీళ్ళలో జిగురు కలిపి అద్దుతారు. ఆ ముద్ర కంటికి ఆనదు, కాగులో ఉడికాకే ఎర్రగా బయటపడుతుంది. అద్దేవాడికి తెలియాలని అందులో కాస్త ఎర్రమట్టి కలుపుతారు. సరిగ్గా ఆ రోజే డబ్బాలో మట్టి నిండుకుంది. "పాతికేళ్ళ చెయ్యి, ఇంత మట్టి కోసం ఆగుతుందా?" అనుకుని మేస్త్రి చేప అచ్చుతో దుప్పటంతా అద్దేశాడు. అది ఆరేలోపు డాక్టరు దగ్గర పేరు రాయించొద్దామని బయల్దేరాడు.

కాసేపటికి, ముద్రలు ఆరిపోయాక, భార్య వచ్చి చూస్తే బల్ల మీద బట్ట ఖాళీ! "అయ్యో రామ, మొదలే పెట్టలేదు! ఈ మతిమరుపు మనిషితో ఎలా వేగేది?" అని జాలిపడి, పువ్వు అచ్చు తీసుకుని దుప్పటంతా తనే అద్దేసింది. మట్టి లేకపోతేనేం, ఆవిడకీ చెయ్యి తిరిగిందే. ఆ పైన కట్టెలు పేర్చడానికి పెరట్లోకి వెళ్ళింది.

ఇల్లు సద్దుమణిగాక పెద్దావిడ కుర్చీలోంచి లేచింది.

సాయంత్రం టీ తాగుతూ మేస్త్రి కాళ్ళు చాపుకున్నాడు. "దుప్పటి పనైపోయింది, చూశావా?"

భార్య ఉలిక్కిపడింది. "అప్పుడే కనిపెట్టేశారా? ఎవరి చేతి పనో తెలిసిందా?"

"నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?" అని అతను మీసం దువ్వుకున్నాడు. మొగుడు మెచ్చుకున్నాడని ఆవిడ మురిసిపోయింది. పెద్దావిడ టీ ఊదుకుని తాగింది.

మర్నాడు కాగు తెర్లుతోంది. మేస్త్రి కర్రతో దుప్పటి పైకెత్తాడు. "అదిగో నా చేపలు!" అన్నాడు. ఆ చేపల వీపుల మీద పువ్వులున్నాయి.

"నా పువ్వుల మీద చేపలేమిటండీ?" అని భార్య కెవ్వుమంది.

"నీ పువ్వులా? కొంప ముంచావు కదే!"

"మీరు అద్దినట్టు ఒక్క మాట చెప్పి చావచ్చుగా!"

ఇద్దరూ దుప్పటి పూర్తిగా పరిచి చూశారు. చేపలు తలోదారి ఈదుతున్నాయి. పువ్వులు సగం తలకిందులు. వాటి నడుమ తామిద్దరూ అద్దని ఆకులు, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా, ఈ కొస నుంచి ఆ కొస దాకా.

"అమ్మా!" అన్నాడు మేస్త్రి.

"నేనేరా. చెయ్యి ఊరుకోక వేళ్ళతో తడిమి చూశాను. జిగురు తగిలింది. ఒకదాని మీద ఒకటి, రెండూ వంకరే. ఎలాగూ పాడైంది, ఒక్క వరుసైనా తిన్నగా ఉండాలి కదాని వేళ్ళతోనే కొలుచుకుని అద్దాను."

"అప్పుడే చెప్పొచ్చు కదమ్మా!"

"చెబితే నా కళ్ళదే తప్పంటావని."

మేస్త్రికి సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. పోయిన నెల దుప్పటిలో వంకర కొస ఎవరిదో ఇప్పుడు అడక్కుండానే తెలిసిపోయింది. అంతలోకే కొట్టు యజమాని రానే వచ్చాడు. దుప్పటి దాచే సమయం లేదు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచాడు.

"చేపలు వద్దు, పువ్వులు వద్దు. ఈ ఆకులు అద్దిన చేత్తోనే చేయించు మేస్త్రీ, ఏడాది పని నీదే."

మేస్త్రి వెళ్ళి తల్లి చెయ్యి పట్టుకున్నాడు. "తప్పయిపోయిందమ్మా," అంటూ ఆవిడని బల్ల దగ్గరికి తీసుకొచ్చాడు. కిటికీ పక్కన కుర్చీని తనే ఎత్తి వసారాలో పెట్టొచ్చాడు.

సాయంత్రం తల్లీ కొడుకూ కలిసే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళారు. డాక్టరు కళ్ళజోడు కొడుక్కి రాశాడు.